పగతో మూసిన దారి

ఊరి చివర, తారు రోడ్డు అయిపోయి కంకర దారి మొదలయ్యే చోట ఒక సైకిల్ షాపు ఉంది. దాన్ని నడిపే ఆవిడని అందరూ చువ్వ అంటారు. చిన్నప్పుడు సైకిలు చువ్వలా సన్నగా, నిటారుగా ఉండేదని పెట్టిన పేరు. ఇప్పుడు నలభై దాటింది. సన్నదనం అలాగే ఉంది గానీ నిటారుతనం పోయింది. ఎడమ కాలు కుడికాలి కంటే అంగుళం పొట్టి.

సెలవు రోజుల్లో పొద్దున్నే ఆ షాపు ముందు సైకిళ్లవాళ్లు గుంపుగా చేరతారు. టైర్లు నొక్కి చూసుకుంటారు, సీసాల్లో నీళ్లు నింపుకుంటారు, ఇనుప గేటు పక్క సందులోంచి ఒక్కొక్కరే దూరి అడవిలోకి వెళ్లిపోతారు. లోపల ఇంజను మోత ఉండదు, హారను ఉండదు, దుమ్ము లేపే బండి ఒక్కటీ ఉండదు. పన్నెండు కిలోమీటర్లు చెట్ల కింద, ఆ తర్వాత పొలాల మధ్య ఎంత దూరం కావాలంటే అంత దూరం. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల మొహాలు అప్పుడే కడిగినట్టుంటాయి.

"అంతా మీ చలవేనండీ. అడవి మీద ఎంత ప్రేమ ఉంటే ఇంత పని చేస్తారు!" అంటారు.

చువ్వ తల ఊపుతుంది. అడవి మీద ఆమెకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. ఆ దారిలో మోటారు బళ్లు ఆపించింది ఒకే ఒక్క మనిషి మీద కసితో. ఆ మనిషి ఆమె సొంత బావ.

తొమ్మిదేళ్ల కిందట గేటు లేదు. దారికి అవతలి కొసన, అడవి పలచబడే చోట, బావ ఒక విడిది నడిపేవాడు. చెక్కమేడ, ఎనిమిది గదులు, ముందు పొడవాటి వసారా. అక్కడికి బండి పోవడానికి ఈ దారి తప్ప ఇంకోటి లేదు. అతిథులు జీపుల్లో, కార్లలో దుమ్ము రేపుకుంటూ వచ్చేవాళ్లు. బావ మాటకారి. ఉన్నదానికి నాలుగు కలిపి, లేనిదానికి పది కలిపి చెప్పేవాడు. వంటా పక్కలూ అక్క చూసుకునేది. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే చువ్వని పెంచింది ఆ అక్కే. జడ వేయడం దగ్గర్నుంచి, సీటు పట్టుకుని వెనక పరుగెత్తి సైకిలు నేర్పడం దాకా అన్నీ తనే.

చువ్వ అప్పట్లో పందేలు తొక్కేది. కంకర దారుల మీద రెండు వందల కిలోమీటర్ల పందెం ఒకటుంది. అందులో రెండేళ్లు వరసగా రెండో స్థానంలో ఆగిపోయింది. మూడో ఏడు గెలుపు తనదేనని ఆమెకే కాదు, ఆమెతో పోటీపడేవాళ్లకీ తెలుసు. ఇంకా పదకొండు వారాలుందనగా, ఒక పొద్దున, ఏడో కిలోమీటరు మలుపులో బావ జీపు ఎదురొచ్చింది.

ఆమెకు గుర్తున్నది కొంచెమే. గేరు పడక గింజుకుంటున్న ఇంజను చప్పుడు, దారి మధ్య నుంచి తన పక్కకి తోసుకొస్తున్న ఎర్రటి బంపరు, నోటినిండా మట్టి. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. తుంటి ఎముక మూడు ముక్కలు, తొడ ఎముక రెండు.

మూడు నెలలు అక్క ఆసుపత్రి వదల్లేదు. ఒళ్లు తుడిచింది, అన్నం తినిపించింది, తల దువ్వింది. బావ రోజూ వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. నాలుగో నెలలో పోలీసాయన కేసు మూసేయడానికి కాగితాలు పట్టుకొచ్చాడు. జీపు నడిపిన మనిషిగా బావ రాసిచ్చింది పైకి చదివాడు. సైకిలు ఒక్కసారిగా బండికి అడ్డంగా వచ్చిందట, తప్పించే వీల్లేకపోయిందట. చదవడం అయ్యాక, దువ్వెనతో పక్కనే నిలబడి ఉన్న అక్క వైపు తిరిగాడు.

"మీరూ బండిలోనే ఉన్నారు కదా. జరిగింది ఇదేనా?"

అక్క దువ్వెన వంకే చూస్తూ అంది. "ఇదే. అడ్డంగా వచ్చింది."

"నేనా? అక్కా, నేను అడ్డంగా వచ్చానా? ఆ మలుపులో కళ్లు మూసుకుని తొక్కినా నా పక్క వదలనే! నీకు తెలీదా?"

అక్క దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసింది. పోలీసాయన అక్కతో సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం చువ్వ నర్సుని పిలిచి, ఇక తన మంచం దగ్గరికి చుట్టాలెవర్నీ రానివ్వొద్దని చెప్పింది.

మొగుణ్ణి కాపాడుకోవడానికి అక్క అబద్ధమాడింది. ఆ మాత్రం చువ్వకి అర్థమైంది. అందుకే అక్క మీద కోపం రెండో వరసలో కూర్చుంది. ముందు వరసంతా బావదే.

నడక మళ్లీ వచ్చాక ఆమె కంకర దారి మొదట్లో షాపు పెట్టింది. పంక్చర్లు, బ్రేకు వైర్లు, హబ్బులో బేరింగులు ఏవైనా చేసేది గానీ, వంకరపోయిన రిమ్ము బెండు తీయడంలో ఆమె చెయ్యి పెట్టింది పేరు. "ఎంతెంత వంకరవో తీశాను. ఒక్క మనిషికి బెండు తీయాల్సి ఉంది, అది మిగిలిపోయింది" అనేది. విన్నవాళ్లు హాస్యమనుకుని నవ్వేవాళ్లు.

బావ జీపు రోజూ షాపు ముందు నుంచే వెళ్లేది. వెళ్తూ వెళ్తూ పలకరింపుగా ఒకసారి హారను కొట్టేవాడు. ఆ హారను వినపడ్డప్పుడల్లా ఆమె చేతిలో ఉన్న బోల్టుని మరలు అరిగిపోయేదాకా బిగించేది. తన కాలు తీసేసిన మనిషికి తనేం తీసేయగలదు? జీపు టైరు కోస్తే మర్నాటికి కొత్తది వేసుకుంటాడు. చేయి చేసుకుంటే తనే జైలుకి పోతుంది. ఏం చేసినా మళ్లీ అతుక్కోకూడదు. అలాంటిదేదీ తోచక పళ్లు నూరుకుంటూ కూర్చునేది.

దారి చూపించింది అటవీ ఆఫీసులో పనిచేసి రిటైరైన గుమాస్తా ఒకాయన. వెనక చక్రం బాగుచేయించుకుంటూ ఊసుపోక కబుర్లలో పడ్డాడు.

"అసలీ దారి జీపులది కాదమ్మా. నా చిన్నప్పుడు కలప మోసే బుల్లి రైలు తిరిగేది దీని మీద. పట్టాలు పీకేశాక కంకర పోసి, నడిచేవాళ్లకీ ఇంజను లేని బళ్లకీ మాత్రమే అని ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. ఎవరూ చదవనూ లేదనుకో."

చువ్వ చేతిలో స్పానరు ఆగిపోయింది.

"ఆ కాగితం ఎక్కడుందండీ?"

కాగితం దొరకడానికే ఏడాది పట్టింది. దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఒకటి ముందే అరిగింది కదా, రెండోదీ అరిగితే సమానమవుతుందని తన మీద తనే జోకులేసుకునేది. మొదటి రేంజరు నవ్వి పంపించేశాడు. రెండో రేంజరు రుజువులు తెమ్మన్నాడు. వేసవంతా స్టూలు మీద కూర్చుని ఏ జీపు ఎంత వేగంతో పోయిందో రాసింది. చక్రాల కింద పడ్డ జింకపిల్లల్నీ, పాముల్నీ, కుందేళ్లనీ ఫొటోలు తీసింది. వాటి మీద జాలి కలగలేదని కాదు. కానీ ప్రతి ఫొటో తీస్తున్నప్పుడూ ఆమె మనసులో ఉన్నది బావ మొహమే. సైకిళ్ల సంఘానికి పెద్దగా ఉన్న హెడ్మాస్టారు నాలుగు వందల సంతకాలు పోగుచేసి తెచ్చాడు. మూడో రేంజరు అదృష్టవశాత్తూ కాగితాలు చదివే మనిషి. మొదలుపెట్టిన ఆరో ఏట దారికి అడ్డంగా ఇనుప గేటు దిగింది. మంటలార్పే బండీ, అంబులెన్సూ, వారానికోసారి విడిదికి సరుకులు వేసే అటవీ శాఖ బండీ తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదు.

ఆ పొద్దున చువ్వ షాపు తెరవలేదు. స్టూలు గేటు పక్కకి మోసుకెళ్లి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతిథుల్ని తీసుకురావడానికి క్రితం రోజే ఊళ్లోకి వచ్చిన బావ, జీపు నిండా మనుషులతో వచ్చి గేటు ముందు ఆగిపోయాడు. దిగి, గేటు గొట్టాన్ని చేత్తో ఊపి చూశాడు.

"ఏంటిది?"

"గేటు."

"కనపడుతోందిలే. ఎవరు పెట్టించారు?"

"పక్కన కాగితం అంటించారు, చదువుకో బావా. నీకు చదవడం వచ్చు కదా. రాయడం ఇంకా బాగా వచ్చు."

బావ కాగితం చదివాడు. కింద, అర్జీదారు అన్నచోట ఆమె పేరు చూశాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అతిథులు విసుక్కుని సామాన్లు దింపుకున్నారు. బావ కోప్పడతాడని, అరుస్తాడని, కాళ్లావేళ్లా పడతాడని ఆమె రకరకాలుగా ఊహించుకుంది. అతను మాత్రం జీపు పక్కకి తీసి పెట్టి, తాళం జేబులో వేసుకుని, పన్నెండు కిలోమీటర్లూ నడుచుకుంటూ పోయాడు. అతని వీపు చెట్ల వెనక మాయమయ్యేదాకా చువ్వ చూపు తిప్పుకోలేదు. ఆ రోజు ఆమె తిన్న అన్నం ఎన్నో ఏళ్ల తర్వాత ఒంటికి పట్టింది.

నెల తిరక్కుండా బావ షాపుకొచ్చాడు. బూట్లు మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి.

"ఒక సైకిలు కావాలి మరదలా."

"లేవు."

గోడకి వరసగా పదకొండు వేలాడుతున్నాయి. బావ వాటి వంక చూసి, ఆమె వంక చూశాడు.

"అవన్నీ?"

"అవి మనుషులకి."

ఈ ఊళ్లో ఉన్నది ఆ ఒక్క షాపే. బావ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. విడిదిలో గదులు ఖాళీ పడ్డాయని, వసారాలో కుర్చీలు తిరగేసి పెట్టారని, అక్క చిక్కిపోయిందని వస్తూ పోతూ సైకిళ్లవాళ్లు చెప్పేవాళ్లు. చువ్వ విననట్టే ఉండేది. ఒక్క మాటా వదలకుండా వినేది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ దారి ప్రశాంతంగా ఉందని తెలిసేకొద్దీ ఎక్కడెక్కడి నుంచో సైకిళ్లవాళ్లు రావడం మొదలైంది. పన్నెండు కిలోమీటర్లు తొక్కి అలిసినవాళ్లకి కాళ్లు చాపుకోవడానికి ఒక వసారా కావాలి. ఆ వసారా ఒక్క బావకే ఉంది. ఏడాది తిరిగేసరికి ఎనిమిది గదులూ నిండిపోయాయి. మునుపటి కంటే ఎక్కువగా నిండాయి.

అంతకన్నా ఆమెకు ఒళ్లు మండిన సంగతి ఇంకొకటుంది. బావ తన మామూలు ధోరణిలో కథలు మొదలుపెట్టాడు. అడవి నాశనమైపోతుంటే చూడలేకపోయాడట. తన జీపు తనే వదులుకున్నాడట. ముందు తను మారితే లోకం మారుతుందని గేటు వేయించాడట. ఈ కథ తిరిగి తిరిగి చువ్వ చెవిన పడింది. ఆమె ఇన్నేళ్ల పగని ఆయన ఎంచక్కా తన మంచితనం చేసేసుకున్నాడు.

ఒకరోజు హెడ్మాస్టారు మొహమంతా నవ్వుతో షాపుకొచ్చాడు.

"ఆదివారం ఎనభై మందిమి విడిదికి వెళ్తున్నామమ్మా. మీ బావగారికి సంఘం తరఫున జ్ఞాపిక ఇద్దామనుకుంటున్నాం. నువ్వూ అర్జీల పనిలో సాయపడ్డావు కదా, వస్తే బాగుంటుంది."

"సాయపడ్డానా?" అంది చువ్వ.

"మరి? ఆయన చెప్పాడు, కాగితాల పనంతా మా మరదలే చూసిందని."

చువ్వ చేతులు తుడుచుకుంది. "తప్పకుండా వస్తాను మాస్టారూ" అంది.

ప్రమాదం తర్వాత ఆమె ఆ దారి తొక్కలేదు. ఎడమ పెడలుకి అంగుళం మందం చెక్క బిగించుకుని, వీపు సంచిలో ఫైలు పెట్టుకుని, ఆదివారం పొద్దున అందరికంటే ముందు గేటు దాటింది.

మొదట కాసింత దూరం చిక్కుడు పాదుల పక్కన, కంచెల పక్కన. దారి మధ్యలో గడ్డి మొలిచి, రెండు పక్కలా చక్రాల జాడలు మాత్రం తెల్లగా ఉన్నాయి. టైర్ల కింద కంకర కరకరలాడుతోంది. ఇంకే చప్పుడూ లేదు. అడవిలోకి దిగగానే గాలి చల్లబడింది. పైన ఎక్కడో వడ్రంగి పిట్ట చెట్టుని కొడుతోంది. వాగు దగ్గర ఒక జింక తల ఎత్తి చూసి, పారిపోవాల్సిన పని లేదనుకుని మళ్లీ నీళ్లు తాగింది. వెనక నుంచి బండి వస్తుందేమోనన్న బెదురు లేకుండా దారి మధ్యన తొక్కడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఒంట్లోకి పాత ఊపు వచ్చింది. సంతోషం కూడా వస్తోందని గమనించి ఆమెకు భయం వేసింది. అది కాస్త పెరిగితే చెప్పాల్సిన మాటలు మెత్తబడిపోతాయి. అందుకని ఏడో కిలోమీటరు మలుపు దాకా హాస్పిటల్ మంచాన్నే తలుచుకుంటూ తొక్కింది. మలుపులో ఏమీ లేదు. తుప్పలూ, ఒక తేనెటీగల గుంపూ. ఆగకుండా దాటేసింది.

విడిది వసారాలో బల్లలు వేశారు. బావ తెల్ల చొక్కా వేసుకున్నాడు. అక్క గుమ్మంలో టీ కప్పుల పళ్లెంతో నిలబడి ఉంది. చువ్వని చూడగానే ఒక అడుగు వెనక్కి వేసింది. హెడ్మాస్టారు నాలుగు మాటలు మాట్లాడి, చెక్కతో చేసిన జ్ఞాపిక చేతిలోకి తీసుకుని, "చువ్వమ్మ కూడా రెండు మాటలు చెబుతుంది" అన్నాడు.

చువ్వ లేచింది. ఫైలు బల్ల మీద పెట్టింది.

"ఇందులో నలభై మూడు అర్జీలున్నాయి. ఒక్కదాని మీద కూడా మా బావ పేరు లేదు, ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకో మాట. మీరంతా నాకు అడవంటే ప్రేమ అనుకుంటున్నారు. అదేం లేదు. ఈ మనిషి నన్ను జీపుతో గుద్ది, తప్పు నాదేనని రాసిచ్చాడు. ఆ జీపు ఇంకెప్పుడూ ఈ దారిలో తిరక్కూడదని గేటు వేయించాను. మీకు ఈ ప్రశాంతత వచ్చింది నా కడుపుమంట వల్ల. బావా, ఆ రోజు నేను అడ్డంగా వచ్చానా? వీళ్ల ముందు చెప్పు."

బావ ఆమె వంక చూడలేదు. గుమ్మంలో ఉన్న అక్క వంక చూశాడు. తర్వాత తల దించుకుని చెప్పాడు.

"రాలేదు. తన పక్కన తను సరిగ్గానే వచ్చింది. బండి నేనే నడిపాను. తప్పు నాది. రాసిచ్చింది అబద్ధం."

తొమ్మిదేళ్లుగా ఆమె వినాలనుకున్నది ఆ నాలుగు ముక్కలే. విన్నాక ఆమె మొహం విచ్చుకుంది, దాచుకోలేక పైకే నవ్వింది. హెడ్మాస్టారు జ్ఞాపికని మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు. జనం టీ ముట్టుకోకుండా ఒక్కొక్కరే లేచి సైకిళ్లెక్కారు. చువ్వ అందరికంటే చివర బయల్దేరింది, వసారా పూర్తిగా ఖాళీ అవడం చూశాక.

ఆ వారమంతా ఆమె పాటలు పాడుకుంటూ పంక్చర్లు వేసింది. అందరూ విడిదిని వెలివేసినంత పని చేశారు. రొట్టెలు సంచుల్లో పెట్టుకుని పోతున్నారు గానీ ఆ వసారా ఎక్కడం లేదు. ఆమెకు కావలసిందంతా జరిగింది.

ఏడో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. నడిచి వచ్చింది. చెప్పుల మీద, చీర అంచు మీద తెల్లటి దుమ్ము.

"కూర్చోనా?"

"స్టూలు కస్టమర్లకి."

అక్క నేల మీద, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి పక్కన కూర్చుంది. చువ్వ ట్యూబుని నీళ్లలో ముంచి బుడగల కోసం వెతుకుతోంది.

"ఆయన చెప్పింది అబద్ధం" అంది అక్క.

"ఏది? అప్పుడు పోలీసాయనకి చెప్పిందా, మొన్న ఆదివారం చెప్పిందా?"

"రెండూ."

చువ్వ చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి.

"బండి నడిపింది నేను" అంది అక్క. "నేర్చుకుంటున్నాను. లైసెన్సు లేదు. మలుపులో గేరు పడలేదు, కిందికి చూశాను. తలెత్తేసరికి నువ్వు ముందున్నావు. బ్రేకనుకుని ఇంకోటి తొక్కాను. నిన్ను చేతుల మీద మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టింది ఆయనే. దారిలోనే అన్నాడు, నువ్వు నడపలేదు, నేను నడిపాను, గుర్తుపెట్టుకో అని."

"అడ్డంగా వచ్చానని రాయడం?"

అక్క గొంతు తగ్గింది. "అది నేనే రాయమన్నాను. తప్పు మనదని రాస్తే ఆయన్ని తీసుకెళ్తారు, అప్పుడు నేను నిజం చెప్పాల్సొస్తుంది. చెప్తే నువ్వు నా మొహం చూడవు."

చువ్వ చేతికందిన స్పానరు గోడకేసి కొట్టింది. వేలాడుతున్న సైకిళ్లు ఒకదానికొకటి తగిలి మోగాయి. చైను కోసం వచ్చి నిలబడ్డ ఒకాయన మెల్లగా వెనక్కి తగ్గాడు.

"తొమ్మిదేళ్లు! పొద్దున లేస్తే ఆయన మొహం తలుచుకుని పళ్లు నూరుకుంటూ లేచాను. నా తిట్లన్నీ ఆయనకి పోశాను. ఆయన్ని నడిపించాను, పదిమందిలో తల దించాను. ఇప్పుడొచ్చి, కాదే, అది నేను అంటావా? కాలు తీసేశావు సరే. చివరికి నా పగ కూడా నన్ను సరిగ్గా తీర్చుకోనివ్వలేదు కదే!"

"అవును."

"నా తల దువ్వుతూ చెప్పావు. దువ్వెన చేతిలో పట్టుకుని!"

"అవును."

"మళ్లీ చెప్పు. నడిపింది ఎవరు?"

"నేను."

"గట్టిగా. అదిగో, ఆయనకి కూడా వినపడాలి."

"నేను నడిపాను. చెల్లెల్ని గుద్దింది నేను."

చైను కోసం వచ్చినాయన నేల చూపులు చూశాడు. చువ్వ ఇంకో రెండుసార్లు చెప్పించింది. చెప్పించిన కొద్దీ కసి తీరుతుందనుకుంది గానీ తీరలేదు. ఆయాసంతో స్టూలు మీద కూలబడింది.

"బావెందుకు మోశాడు ఈ తప్పు ఇన్నాళ్లు?"

"నేనూ అడిగాను. నాకు మరదలు దూరమైతే ఏమైంది, నీకు ఉన్నది ఒక్క చెల్లెలు, అన్నాడు." అక్క కళ్లు తుడుచుకుంది. "గేటు నేనే వేయించానని కోసిన కోతలు మాత్రం ఆయన సొంతం. వాటికి నేనేం చెయ్యలేను."

చువ్వకి నవ్వు రాబోయింది. రానివ్వలేదు.

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు? ఆయన ఒప్పుకున్నాడు, నేను నమ్మాను. అయిపోయింది కదా."

"ఆయన ఒప్పుకోగానే నువ్వు నవ్వావు. ఇన్నేళ్లకి నీ నవ్వు చూశాను. అది కూడా నా అబద్ధం మీద నవ్విన నవ్వేనే అనిపించింది. ఇంక ఆ ఇంట్లో అన్నం సహించలేదు."

తొట్టిలో ట్యూబు నుంచి బుడగలు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. చివరికి చువ్వ లేచి, గోడ మీద ఉన్నవాటిలో గట్టి సైకిలు ఒకటి కిందికి దించింది. టైర్లు నొక్కింది, బ్రేకులు చూసింది, సీటు బావ ఎత్తుకి సరిచేసింది.

"ఇది ఆయనకి. లేదన్నాను కదా, ఉందని చెప్పు. తోసుకుంటూ తీసుకెళ్లు. నువ్వు ఎక్కావో, బెండు తీస్తాను."

"ఎక్కను."

"రేపే హెడ్మాస్టారింటికి వెళ్లి ఇప్పుడు నాకు చెప్పిందంతా ఆయనకి చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

"చెప్తాను."

"నేను మంచం దిగి మళ్లీ సొంతంగా నడవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పద్నాలుగు నెలలు వారానికోసారి ఇక్కడికి నడిచి రా. రానూ పోనూ నడకే. ఎవరి సైకిలూ ఎక్కకూడదు, సరుకుల బండి ఎక్కకూడదు. వచ్చినా నేను మాట్లాడతానని అనుకోకు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత సంగతి నాకు తెలీదు."

అక్క లేచి సైకిలు హ్యాండిలు పట్టుకుంది. గేటు పక్క సందులోంచి తిప్పలు పడుతూ దాన్ని దాటించి, పక్కన నడుస్తూ పోయింది. చువ్వ చూస్తూనే ఉంది. ఇన్నేళ్ల కోపం దిక్కు మార్చుకుని సరైన మనిషి వీపు వెంట నడుస్తోంది. అది చల్లారలేదు గానీ, మొదటిసారిగా ఒక దారిన పడింది.

హెడ్మాస్టారికి అక్క అంతా చెప్పింది. ఆయన రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదట. సైకిళ్లవాళ్లు మెల్లగా విడిది వసారా మళ్లీ ఎక్కడం మొదలుపెట్టారు. జ్ఞాపిక మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. బావ ఇప్పుడు సైకిలు మీద ఊళ్లోకి వస్తాడు. షాపు ముందు ఆగి, గంట ఒకసారి మోగించి, కథలేమీ చెప్పకుండా గాలి కొట్టించుకుని పోతాడు.

అక్క ప్రతి బుధవారం వస్తుంది. ఎండలో వచ్చింది, వానలో వచ్చింది. ఒకసారి జ్వరంతో వచ్చి తొట్టి పక్కన గంటసేపు పడుకుని లేచి వెళ్లింది. చువ్వ మంచినీళ్లు పక్కన పెట్టింది, మాట మాత్రం ఆడలేదు. మొదట్లో అక్కా మాట్లాడేది కాదు. ఆ తర్వాత దారిలో చూసినవి చెప్పడం మొదలుపెట్టింది. వాగు పక్కన నక్కపిల్లలు మూడు పుట్టాయని, గాలికి పెద్ద చెట్టొకటి దారికి అడ్డంగా పడిందని, ఎవరో ముసలాయన మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని పాట పాడుతూ తొక్కుతున్నాడని. చువ్వ చువ్వలు బిగిస్తూ తలెత్తకుండా వింటుంది. మరుసటి బుధవారం నక్కపిల్లల సంగతి అక్క మర్చిపోతే మాత్రం ఆమెకు చిరాకు వస్తుంది.

అయిదో నెలలో ఒక బుధవారం, అక్క వచ్చి వెళ్లాక, హెడ్మాస్టారు షాపు ముందు ఆగాడు. కుంటుకుంటూ అడవిలోకి పోతున్న అక్కని చూసి నిట్టూర్చాడు.

"పాపం, మడమలు పగిలిపోయాయి. రెండు కాళ్లకీ గుడ్డలు చుట్టుకుని నడుస్తోంది. ఇంక చాలమ్మా. ఎంతైనా తోబుట్టువు కదా."

చువ్వ రిమ్ముని కంటి ముందు తిప్పుతూ, ఎక్కడ ఒరుసుకుంటోందో చూస్తోంది.

"ఇంకా తొమ్మిది నెలలుంది మాస్టారూ" అంది.